బానే ఉండా లేమ్మా

ప్రతి ఆదివారం పొద్దున పదింటికి అమ్మకి ఫోన్ చేస్తాను. నాన్న పోయిన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్ళుగా, ఇదే టైము. "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అంటాను. "బానే ఉండా లేమ్మా" అంటుంది. తర్వాత వానల సంగతి, కంది చేను సంగతి, పక్కింటివాళ్ళ మనవరాలి పెళ్ళి సంగతి. ఫోన్ పెట్టేశాక అమ్మ బాగానే ఉందన్న ధైర్యంతో ఇంకో వారం గడిచిపోయేది.

2024 డిసెంబరులో ఇంటి పైకప్పు బాగుచేయించాల్సి వచ్చింది. ఆఫీసులో అడిగి, ఇంటినుంచి పనిచేసేలా ఒప్పించుకుని, పొదిలి దగ్గర మా పల్లెలో ఇరవై మూడు రోజులు ఉన్నాను. పెళ్ళయ్యాక అన్ని రోజులు అమ్మతో ఉండటం అదే మొదలు. పండగకి వెళ్తే ఉండేది మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆవిడ పొయ్యి దగ్గరే నిలబడి ఉంటుంది, అరిసెలు వండుతుంది, మా పిల్లకి జడేస్తుంది. పళ్ళ బిగువున మూడు రోజులు ఎవరైనా నెట్టుకురాగలరు. ఇరవై మూడు రోజులు మాత్రం ఏదీ దాగదు.

నాలుగో రోజు చూశాను. మా వసారాకి మూడు మెట్లు. అమ్మ వెనక్కి తిరిగి, స్తంభం పట్టుకుని, పసిపిల్లలు మంచం దిగినట్టు ఆ మూడు మెట్లూ దిగుతోంది. అడిగితే "ఇట్టా అయితే మోకాలు పట్టెయ్యదు" అంది, ఏదో కిటుకు చెప్పినట్టు.

బియ్యంలో రాళ్ళు ఏరడం ఎప్పుడో మానేసిందట. "ఇప్పుడొచ్చే బియ్యంలో రాళ్ళేడ ఉంటున్నయ్?" అంది. చాట తీసుకుని వెలుతుర్లోకి వెళ్ళి చూస్తే రాళ్ళూ ఉన్నాయి, పురుగులూ ఉన్నాయి. పెరట్లో కనకాంబరాలు విరగబూసి చెట్టుకే వడలిపోతున్నాయి. ఒకప్పుడు రోజూ సాయంత్రం మూరెడు దండ కట్టకపోతే అమ్మకి తోచేది కాదు. "ఎవరు పెట్టుకుంటారులే" అంది.

ఇంక బీపీ బిళ్ళల అట్ట. పది బిళ్ళల అట్ట ఇరవై రోజులు వస్తోంది. "రోజు తప్పించి రోజు ఏసుకుంటా. కళ్ళు తిరిగిన రోజు మాత్రం తప్పకుండా ఏసుకుంటా" అని చెప్పింది. ఆ సాయంత్రమే చూపిస్తే బీపీ 178/96 వచ్చింది. 140/90 దాటితేనే ఎక్కువ అంటారు.

అన్నిటికంటే నన్ను కలచివేసింది నీళ్ళ సంగతి. దర్శిలో మా పిన్ని ఉంటుంది, అమ్మకి సొంత చెల్లెలు. అమ్మ అక్కడికి వెళ్ళి రెండేళ్ళయింది. మోకాళ్ళ వల్లేమో అనుకున్నాను. ఒక రాత్రి దీపం తీసేశాక, చీకట్లో, చాలా నెమ్మదిగా చెప్పింది. మూత్రం ఆపుకోలేకపోతోందట. బస్సులో ఎక్కడ తడిసిపోతుందోనన్న భయంతో ఎక్కడికీ వెళ్ళడం లేదు. గుడికి వెళ్ళాల్సిన రోజున పొద్దుటినుంచి నీళ్ళు తాగదు. ఎంతకాలంగా అంటే ఆరేళ్ళు అంది.

ఆరేళ్ళంటే మూడు వందల పైచిలుకు ఆదివారాలు. అన్ని ఆదివారాలూ నేను అడుగుతూనే ఉన్నాను, ఆవిడ బానే ఉన్నానని చెబుతూనే ఉంది.

కోపం ఆగలేదు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. అప్పుడు అమ్మ అన్న మాటలే ఈ వ్యాసం రాయిస్తున్నాయి. "బాగాలేదంటే నువ్వు రావాల. రెండు రోజులు సెలవు పెట్టాల. పిల్లకి పరీక్షలు. అన్నయ్యకి చెప్తే డబ్బులేసి ఒంగోలు పొమ్మంటాడు. ఎవరితో పోవాల నేను?"

అప్పుడు అర్థమైంది. నేను ఒంటి గురించి అడిగేదాన్ని. ఆవిడ మాత్రం మా సెలవులు, మనవరాలి పరీక్షలు, ఒంగోలు బస్సు, పక్కన కూర్చునే తోడు, ఇవన్నీ మనసులో లెక్కేసుకుని, ఆ లెక్క తేలక "బానే ఉండా" అనేది. పెద్దవాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందో వాళ్ళ నోటి మాటని బట్టి తేల్చుకునే మనలాంటి పిల్లలూ, డాక్టర్లూ, ప్రభుత్వాలూ ఈ ఒక్క విషయం తెలుసుకోవాలని నా బాధ. వైద్యం ఎంత అందుబాటులో ఉంటే అంతవరకే మనిషి తన జబ్బుని జబ్బు అని పిలుస్తుంది. అందనంత దూరంలో ఉన్నదాన్ని వయసు అని పిలుచుకుంటుంది.

ఆస్పత్రికి వెళ్ళడమంటే అమ్మకి ఏమిటో చెప్తాను. మాది శివారు పల్లె. ఊళ్ళోకి రెండు కిలోమీటర్లు. అక్కడిదాకా షేర్ ఆటో, అది నిండితేగానీ కదలదు. అక్కడ బస్సు. బస్సు మొదటి మెట్టు అమ్మ మోకాలి కంటే ఎత్తు, వెనకనుంచి ఎవరో ఒకరు చెయ్యి ఆనించాలి. ఆస్పత్రిలో ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరు దగ్గర ఒక లైను, రక్తపరీక్షకి ఇంకో లైను. రిపోర్టు మర్నాడు. మర్నాడు మళ్ళీ ఇదంతా. అక్కడి బాత్రూముకి తలుపు గడియ పడదు, కింద అంతా తడి. ఆపుకోలేని డెబ్భై మూడేళ్ళ మనిషికి ఆ బాత్రూమే ఆస్పత్రి గేటు. అది దాటలేకపోతే లోపల ఎంత గొప్ప డాక్టరున్నా ఆవిడకి లేనట్టే.

ఇవన్నీ దాటి లోపలికి వెళ్తే మొదటి ప్రశ్న: "మీతో ఎవరొచ్చారు?"

నేను తీసుకెళ్ళినప్పుడూ ఇదే జరిగింది. డాక్టరు చెడ్డవాడేం కాదు, బయట యాభై మంది ఉన్నారు. కానీ అమ్మ వైపు చూడలేదు. "ఆవిడకి ఎన్నాళ్ళనుంచి?" అని నన్ను అడిగాడు. అమ్మకి ఎడమ చెవి సరిగ్గా వినబడదు, ఆయన కూర్చున్నది ఎడమ వైపు. ఏం మాట్లాడుకుంటున్నారో తెలియక ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మోకాళ్ళ గురించి చెప్పబోతే "వయసు కదమ్మా" అన్నాడు. ఆ మాట వినగానే అమ్మ తలూపి లేచి నిలబడింది. నీళ్ళ సంగతి చెప్పకుండానే బయటికొచ్చేశాం.

"వయసు కదమ్మా." ఈ రెండు మాటలతో మన ఊళ్ళలో ఎన్ని జబ్బులు చికిత్స లేకుండా పోతున్నాయో! కంట్లో శుక్లం వయసు, చెవుడు వయసు, నిద్ర పట్టకపోవడం వయసు, మతిమరుపు వయసు, దిగులు వయసు. గుండెల్లో నొప్పి మాత్రం గ్యాస్. వయసుతో వచ్చేవన్నీ వయసే అనుకుంటే ఇంక చూపించుకోవడానికి ఏం మిగులుతుంది? వచ్చిందంటే వయసు వల్లే కావచ్చు. కానీ పోగొట్టగలిగినదాన్ని ఉండనివ్వడం వయసు చేసే పని కాదు, అది మనం చేస్తున్నది.

ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఉన్నాడు. నాకు అతన్ని తిట్టడానికి నోరు రాదు. రాత్రి పదింటికి కబురు పెడితే బండేసుకుని వస్తాడు, మంచం మీద కూర్చుంటాడు, "ఏం పెద్దమ్మా, ఏం కూర ఒండావు?" అంటాడు. మోకాలి నొప్పికి సూది వేస్తాడు. నెలకి రెండు మూడు సూదులు పడేవట. ఆ నొప్పి మందులు ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ సంగతి అమ్మకి చెప్పినవాళ్ళు లేరు. అయినా ఆరేళ్ళలో అమ్మ పేరు పెట్టి పిలిచి, ఆవిడ మంచం దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్న వైద్యం అతనొక్కడిదే. చదువుకున్న వైద్యం ఆ రెండు కిలోమీటర్లు రాలేదు కాబట్టే అతను అక్కడున్నాడు.

ఈ విషయాల మీద నేను చదవడం మొదలుపెట్టింది ఆ డిసెంబరు తర్వాతే. చదివినకొద్దీ మా అమ్మ కథ ఒక్క మా అమ్మది కాదని తెలిసింది. మన దేశంలో నడివయసు దాటినవాళ్ళ మీద జరిగిన పెద్ద సర్వే ఒకటుంది. లాసీ (లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా) అంటారు. ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ వాళ్ళు విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి చేశారు. మొదటి విడత 2017-18లో జరిగింది, నివేదిక 2021 జనవరిలో వచ్చింది. 45 ఏళ్ళు పైబడినవాళ్ళు 72 వేల మందికి పైగా, అందులో 60 దాటినవాళ్ళే 31 వేల మందికి పైగా. "మొత్తం మీద మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అన్న ప్రశ్న అందులో ఉంది, మనం ఫోన్లో అడిగేదే. కానీ ఆ సర్వే చేసినవాళ్ళు అక్కడితో ఆగలేదు. మనిషి చెప్పింది రాసుకున్నారు, తర్వాత బీపీ చూశారు, చేతి పట్టు ఎంతుందో చూశారు, ఊపిరి ఊదించారు, కంటిచూపు చూశారు, కొంచెం దూరం నడిపించి ఎంతసేపట్లో నడిచారో లెక్కపెట్టారు. నోటి మాట ఒక్కటే చాలదని వాళ్ళకి తెలుసు. మనమేమో ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఫోన్ పెట్టేస్తున్నాం.

ఇదే విషయాన్ని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. కేరళలో ఆయుర్దాయం దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. విచిత్రంగా, మాకు జబ్బుగా ఉందని చెప్పేవాళ్ళూ కేరళలోనే ఎక్కువ. బీహార్‌లో ఆయుర్దాయం బాగా తక్కువ, కానీ జబ్బుగా ఉందని చెప్పేవాళ్ళు కూడా తక్కువే. అమెరికాలో చూస్తే కేరళకన్నా ఎక్కువమంది మాకు బాగాలేదంటారు. జనం మాటని నమ్మి లెక్క కడితే బీహార్ ఆరోగ్యంగా ఉన్నట్టు, కేరళ మంచాన పడినట్టు! సేన్ చెప్పిన కారణం సూటిగా ఉంది. చదువు, ఆస్పత్రి దగ్గర్లో ఉన్నచోట మనిషికి తన జబ్బు జబ్బుగా కనబడుతుంది. అవి లేనిచోట చుట్టూ అందరూ అలాగే ఉంటారు కాబట్టి అదే మామూలనిపిస్తుంది.

మా పల్లెలో అదే చూశాను. అమ్మ వయసు ఆడవాళ్ళు సాయంత్రం మా అరుగు మీద కూర్చుంటారు. అందరూ పొగాకు గ్రేడింగులకు వెళ్ళినవాళ్ళే, వంగి వంగి కళ్ళాల్లో పనిచేసినవాళ్ళే. అందరికీ మోకాళ్ళు పోయాయి, అందరూ రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు. అందరికీ ఉన్నదాన్ని జబ్బు అని ఎవరంటారు? వాళ్ళలో అమ్మే కాస్త నయం. అందుకే ఆ "బానే ఉండా" అన్నది అబద్ధం కూడా కాదు. అరుగు మీది కొలతతో చూస్తే ఆవిడ నిజంగానే బాగుంది.

ఐతే పెద్దవాళ్ళ మాటకి విలువే లేదా? ఉంది. 1997లో ఎలెన్ ఐడ్లర్, యాయెల్ బెన్యామినీ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరు చోట్ల జరిగిన 27 అధ్యయనాలు తీసి చూశారు. "నా ఆరోగ్యం బాగాలేదు" అన్నవాళ్ళు ముందుగా చనిపోయే అవకాశం ఎక్కువని వాటిలో చాలావరకు తేలింది. డాక్టర్లు రాసిన జబ్బుల లెక్కంతా పక్కన పెట్టినా సరే, ఆ ఒక్క మాట విడిగా ఏదో చెబుతూనే ఉంది. మనిషికి లోపల ఏదో తెలుస్తుంది. పరీక్షకి దొరకనిది కూడా.

ఒకచోట మాట నమ్మకూడదని, ఒకచోట నమ్మాలని ఉంటే ఏం చెయ్యాలి? నా మటుకు నాకు తేలింది ఇది. పెద్దవాళ్ళు "బాగాలేదు" అంటే వెంటనే నమ్మాలి, ఆ రోజే కదలాలి. ఎన్నో లెక్కలు దాటుకుని, ఎంతో మొహమాటం దాటుకుని వచ్చిన మాట అది. "బాగానే ఉంది" అంటే మాత్రం నమ్మకూడదు. దగ్గరికెళ్ళి చూడాలి. ఈ రెండింటినీ ఒకే తూకం వెయ్యడమే మనం చేస్తున్న పొరపాటు. మనం చేసేది అదికూడా కాదు, నిజానికి తలకిందులుగా చేస్తున్నాం. బాగాలేదంటే "వయసు కదా" అంటాం, బాగానే ఉందంటే హాయిగా నమ్మేస్తాం.

ప్రభుత్వాల పద్ధతి కూడా ఇలాగే ఉంది. వచ్చి అడిగినవాళ్ళకి ఇస్తాయి. ఇచ్చేది తక్కువని నేననను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మా ఊళ్ళోనే ముగ్గురికి గుండె ఆపరేషన్లు చేయించింది, వాళ్ళు ఇంకా పొలం వెళ్తున్నారు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు నిండినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి కేంద్రం ఆయుష్మాన్ కార్డు ఇస్తోంది. మంచిదే. కానీ ఇవన్నీ ఆస్పత్రిలో చేరాక పనికొచ్చేవి. అమ్మ వేసుకునే బీపీ బిళ్ళలు నెలకి వంద రూపాయలు కూడా కావు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు. ఆ బిళ్ళ రోజూ పడక రేపు పక్షవాతం వస్తే లక్షలు ఖర్చుపెట్టడానికి కార్డు సిద్ధంగా ఉంది. ఆ బిళ్ళ రెండు కిలోమీటర్లు ప్రయాణించి మంచం దగ్గరికి రావడానికే దారి సరిగ్గా లేదు.

104 బండి నెలనెలా ఊరికి వస్తుంది, బీపీ చూసి మందులిస్తుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఎంతో మేలు. శివారు పల్లెలో మెట్లు వెనక్కి తిరిగి దిగే మనిషికి ఊరు కూడా దూరమే.

కుదరదంటారా? ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పింఛను ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. ప్రభుత్వం మారింది, తెచ్చే మనుషులు మారారు, డబ్బు పెరిగి 2024 జులైలో 4,000 అయింది. పద్ధతి మాత్రం నిలబడింది. ఒకటో తారీకు పొద్దున్నే మా వీధిలో తలుపు కొడతారు, వేలిముద్ర వేయించుకుంటారు. మంచం మీదున్న ముసలామె పేరు, ఇల్లు, ఉందో లేదో, అన్నీ తెలిసిన యంత్రాంగం ఇంటి గడప దాకా వస్తోందన్నమాట. ఆ చేతిలోనే నెలకు సరిపడా బిళ్ళలు, ఆ వెనకే నెలకోసారి బీపీ మిషనుతో నర్సమ్మ వస్తే ఎంత తేడా!

ఇది నా ఊహ కాదు. పక్క రాష్ట్రంలో చేస్తున్నారు. తమిళనాడులో 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో "మక్కళై తేడి మరుత్తువం" అనే పథకం మొదలుపెట్టారు. ప్రజల్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని అర్థం. బీపీ, షుగరు మందులు ఇంటికి తెచ్చిస్తారు. నడవలేనివాళ్ళకి ఇంట్లోనే ఫిజియోథెరపీ చేస్తారు, మంచాన పడి కోలుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళకి నొప్పి తగ్గించే సేవ చేస్తారు. ఆ పేరులో "తేడి" అన్న మాట నాకు చాలా ఇష్టం. వెతుక్కుంటూ రావడం. జబ్బు చెప్పనివాళ్ళ దగ్గరికి వెతుక్కుంటూనే రావాలి మరి.

మన దగ్గరా వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు ఏమైందో చూశాం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. ఊరూరా శిబిరం పెట్టి కళ్ళు పరీక్ష చేశారు, కళ్ళజోళ్ళిచ్చారు. మొదటి విడతలోనే 1.54 కోట్ల మందికి పరీక్షలు జరిగాయి. వాళ్ళలో ఎంతోమంది అంతకుముందు రోజు అడిగి ఉంటే కళ్ళు బాగానే ఉన్నాయని చెప్పేవాళ్ళే అని నాకు గట్టి నమ్మకం. మా అమ్మలాగే బియ్యంలో రాళ్ళు రావట్లేదని, పూలు ఎవరూ పెట్టుకోవట్లేదని చెప్పేవాళ్ళే.

ఇక్కడ నాతో చాలామంది వాదిస్తారు. ముఖ్యంగా మా అన్నయ్య. "వెతికితే అందరికీ జబ్బులుంటాయి. ఆస్పత్రి మెట్లెక్కితే స్కానింగు, అక్కడినుంచి ఇంకో స్కానింగు. అమ్మ ప్రశాంతంగా ఉంది, ఎందుకు టెన్షన్ పెడతావు?" అంటాడు. ఆ భయం అబద్ధమని చెప్పలేను. అవసరం లేని పరీక్షలతో పొలాలు అమ్ముకున్న కుటుంబాలు మాకు తెలుసు. కానీ అమ్మకి కావలసింది స్కానింగులు కాదు. రోజూ ఒక బిళ్ళ, కంటికి ఒక చిన్న ఆపరేషను, చెవికి మిషను, గోడకి ఒక కమ్మీ, అడిగి వినే ఒక మనిషి. పెద్ద ఆస్పత్రి చేతిలో పడకుండా ఉండాలంటే ఈ చిన్నవే ముందు అందాలి. ఇక ప్రశాంతత అంటారా, నీళ్ళు తాగకుండా గుడికెళ్ళే మనిషి ప్రశాంతంగా ఉందని నేను ఒప్పుకోను.

ఇంకొందరు, పిల్లలు చూసుకోవాలి గానీ ప్రభుత్వమేం చేస్తుందంటారు. పిల్లలు చూసుకోవాలి, నిజం. నేను చూసుకోలేదు, ఆ బరువు నా మీద ఉంది. తల్లిదండ్రుల్ని చూడని పిల్లల మీద కేసు పెట్టొచ్చని 2007 చట్టం గురించి అందరూ చెబుతారు. అదే చట్టంలో 20వ సెక్షను ప్రభుత్వ ఆస్పత్రుల గురించి ఉంది. పెద్దవాళ్ళకి వీలైనంతవరకు మంచాలు ఇవ్వాలని, వాళ్ళకి విడిగా లైను పెట్టాలని అందులో రాశారు. ఆ సగం ఎవరూ గుర్తుచెయ్యరు. పిల్లలున్నవాళ్ళ సంగతే ఇలా ఉంటే, పిల్లలు లేని ముసలమ్మని "మీతో ఎవరొచ్చారు?" అని అడిగితే ఆవిడేం చెప్పాలి?

అమ్మ సంగతి చెప్తాను. 2025 ఫిబ్రవరిలో కుడికంటికి శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజు నా మొహం కేసి చాలాసేపు చూసి, "ఇన్ని తెల్ల ఎంటికెలు ఎప్పుడొచ్చినయ్యే నీకు?" అంది. ఏళ్ళ తరబడి నా మొహం ఆవిడకి మసకగానే ఉందన్నమాట. ఆ వారమే చాట తీసింది, పూలు కట్టింది.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. కన్ను బాగయ్యాక అమ్మకి జబ్బులు పెరిగాయి! చెవి గురించి తనే ఎత్తింది. అరికాళ్ళ మంటలు చెప్పింది. ఒకటి బాగవుతుందని కళ్ళారా చూశాక, మిగతావి చెప్పడానికి నోరొచ్చింది. బాగవదనుకున్న నొప్పిని చెప్పి ఏం లాభమని ఇన్నాళ్ళు మింగింది.

అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చింది ఊళ్ళో హెల్త్ క్లినిక్‌లో ఉండే నర్సమ్మ. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. ఆ అమ్మాయి "ఎలా ఉన్నావు అవ్వా?" అని అడగదు. "రాత్రి ఎన్నిసార్లు లేచావు అవ్వా? బాత్రూముకి పోయేటప్పుడు గోడ పట్టుకుంటున్నావా? అట్టలో ఎన్ని బిళ్ళలు మిగిలినయ్, తీసి చూపించు" అంటుంది. ఇలాంటి ప్రశ్నలకి "బానే ఉండా" అని జవాబు చెప్పడం కుదరదు. ఆరేళ్ళ సంగతి వారంలో బయటికొచ్చింది. ఆ అమ్మాయే దగ్గరుండి లేడీ డాక్టరుకి చూపించింది. కొన్ని కండరాల వ్యాయామాలు, మూత్రంలో ఉన్న ఇన్‌ఫెక్షన్‌కి ఒక వారం మందులు. పూర్తిగా పోలేదు, కానీ ఇప్పుడు బస్సెక్కే ధైర్యం వచ్చింది. ఆరేళ్ళు వయసని పేరు పెట్టి భరించినదానికి కావలసింది ఇంతే.

బస్సంటే గుర్తొచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి మా వైపు ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సుల్లో, ఎక్స్‌ప్రెస్సుల్లో టిక్కెట్టు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉంది. దీని మీద ఎన్ని వాదనలున్నా, నేను దీన్ని వైద్యం పద్దులో రాసుకుంటాను. అమ్మా, ఎదురింటి అక్కా కలిసి పొదిలి వెళ్ళి చూపించుకుని వచ్చారు. డబ్బు మిగలడం కంటే పెద్ద సంగతి ఇంకోటుంది. అమ్మకి తోడు వెళ్ళడానికి ఆ అక్కకి కూడా ఖర్చు లేదు. తోడుకి ఖర్చు లేకపోతే తోడు దొరుకుతుంది. ఇక ఆ మొదటి మెట్టు ఎత్తు తగ్గించేవాళ్ళుంటే బావుండు.

పోయిన నెల అన్నయ్య బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. గొంతులో కంగారు. "అమ్మకి ఈ మధ్య అస్సలు బాగుండట్లేదే. ఎప్పుడు చేసినా ఏదో ఒకటి చెప్తోంది. కాళ్ళ మంటలంటుంది, చెవి అంటుంది, రాత్రి మూడుసార్లు లేచానంటుంది. ఇంతకుముందు ఎంత బాగుండేది!"

అమ్మ బీపీ పుస్తకం ఫొటో నా ఫోన్లో ఉంది, నర్సమ్మ ప్రతినెలా పంపిస్తుంది. తీసి చదివాను. జూన్‌లో 146/88. జులైలో 142/86. సెప్టెంబరులో 138/84. అవతల అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. ఆగస్టు ఎందుకు లేదని మాత్రం అడిగాడు. ఆగస్టులో అమ్మ ఇంట్లో లేదు, దర్శి వెళ్ళి పిన్ని దగ్గర పన్నెండు రోజులుంది.